బెత్తెడు మీద వేలెడు

వాల్తేరు షెడ్డు, మూడో పిట్టు.
ఇంజను మూతి కింద వెల్లకిలా పడుకుని
పట్టాకీ క్యాటిల్ గార్డుకీ మధ్య
టేకు దిమ్మ దూర్చి చూస్తాను.
బెత్తెడు మీద వేలెడు. అంతే ఉండాలి సందు.
ఎక్కువైతే లేగదూడ దూరిపోతుంది,
తక్కువైతే పాయింట్ల దగ్గర
ఇనుము ఇనుమునే గీరుతుంది.
చక్రం అరిగినకొద్దీ ఇంజను కుంగుతుంది
గోరంత, గోరంత, ఎవరికీ చెప్పకుండా.
మేం బోల్టులు విప్పి
గార్డును మళ్ళీ పైకెత్తుతాం.

నాకు పని నేర్పిన కోరాడ సన్యాసప్పడు
సొట్టను అరచేత్తో తడిమి ఊరు చెప్పేవాడు.
"ఇది గేదె. తునికి ఇవతల, సందేళప్పుడు.
ఇది రాయి. కొత్తవలస దాటి ఘాటెక్కిందీ బండి.
ఇదీ..."
అని ఆగి, కాటన్‌వేస్టుతో
చెయ్యి చాలాసేపు తుడుచుకునేవాడు.

ట్రైనింగు రూములో ఒక పాత పటం,
దేశదేశాల ఇంజన్ల మూతులు.
మంచు పడేచోట నాగటికర్రులా మొనదేలి
తెల్లటి దారిని చెరోపక్కకీ దున్నుతుంది.
కనుచూపుమేర గడ్డి ఉన్నచోట
ఊచల బుట్ట, అడవిదున్ననైనా ఎత్తి పక్కన పారేస్తుంది.
పట్టా పొడుగునా కంచె కట్టుకున్న దీవిలో
మూతి బోడి. చక్రం ముందు రెండు ఇనుప వేళ్ళు, అంతే.
"చూసేవేటే గుంటా,
కంచె కట్టనోడే ఇంజనుకి కోరలు కడతాడు" అన్నాడు.
ఆ మాట నాకు సగమే ఎక్కింది.
కంచె కట్టాలంటే ముందు
కొండ ఎవరిదో తేలాలి కదా.

మొన్న వానల్లో
కిరండోల్ లైను ఖనిజం దింపి వచ్చిన జోడింజన్లలో
ముందుదానికి ఎడమ మూల ఒంగింది.
ఎర్రధూళి మెత్తిన ఆ మడతలో ఇరుక్కుని
ఒక కర్రగంట.
లోపల రెండు పుల్లలు, తెగిన నారతాడు.
హోసు పట్టిన కుర్రాడు నీళ్ళు కట్టేశాడు.
రిజిస్టరులో దానికి గడి లేదు.
అడ్డంకి, పశువు. నష్టం, గార్డు ఒకటి, బోల్టులు నాలుగు.
అలాగే రాశాను.

వీక్లీ రెస్టు రోజు పాసింజరెక్కి
శివలింగపురంలో దిగాను.
బండి ఊగినప్పుడల్లా సంచిలో టక్కు టక్కు.
మేకల వెనక పోతున్న పిల్లాడు "మాది కాదు" అన్నాడు.
బడ్డీ దగ్గర కిల్లో సొంబ్రా
"మా ఊళ్ళో ఆవులే నేవు" అన్నాడు,
అతని వెనక గోడమీద పిడకలు ఆరుతుండగా.
అప్పుడు గుర్తొచ్చింది, నేను రైల్వే చొక్కాలోనే వచ్చాను.
పట్టా మీద ఆవు చస్తే
కేసు ఆవు గలవాళ్ళ మీదే.

ఒక ముసలమ్మ మాత్రం గంట అడిగి తీసుకుంది.
చెవి దగ్గర ఒక్కసారి ఆడించింది.
తాడు కొసలు కలిపి, చూడకుండానే ముడేసింది,
పాత ముడి పక్కనే, అచ్చం అలాంటిదే.
"మాది కాదమ్మా" అని నా చేతిలో పెట్టేసింది.
పెట్టేసి అడిగింది.
"మీ బండి ఏ కొండో మేసి
కడుపునిండా ఎర్రమన్నుతో
మా ఇంటెనకనుంచే సముద్రానికి ఎల్తాది కదా,
దాని మెళ్ళో ఎవుడూ గంట కట్టనేదేటి?"

హారనుంది అనబోయాను.
సొరంగం నోట్లోంచి వచ్చే హారను
ఎటునుంచి వస్తోందో ఆవుకు తెలీదని
డ్రైవర్లే చెబుతుంటారు.
ఊరుకున్నాను.
ఆవిడ చుట్ట వెలిగించుకుంది.

ఇవాళ కొత్త గార్డు బిగించాను.
దిమ్మ దూర్చాను. సరిపోయింది.
గంట నా లాకరు తలుపుకుంది;
పక్క లైనులో షంటింగయితే నేల అదిరి
ఎవరూ తాకకుండానే పలుకుతుంది.
కొత్తగా చేరిన కుర్రాడు
ఎవరిదండీ అనడిగాడు.
మాది కాదన్నాను,
పద్దెనిమిదో నంబరు స్పానరందుకోమన్నాను.